టీచరమ్మ ఆపిన చోట

నక్షత్రం స్టిక్కరు కోసం మనిషి చెవి కొరికిన సంగతి ఏ బడిలోనూ జరిగి ఉండదు. జైలు మూడో నంబరు బ్యారక్‌లో జరిగింది. ఒక పేజీ తప్పు లేకుండా చదివినవాడి చొక్కా మీద టీచరమ్మ బంగారు రంగు నక్షత్రం ఒకటి అంటించేది. లారీ డ్రైవరుకు ఆరు నక్షత్రాలు వచ్చాయి, జేబుదొంగకు ఒక్కటీ రాలేదు. మర్నాటికల్లా డ్రైవరు చొక్కా మీద నాలుగే మిగిలాయి, జేబుదొంగ చొక్కా మీద రెండు మెరుస్తున్నాయి. డ్రైవరు వాణ్ణి పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. వాడు డ్రైవరు ఎడమ చెవి తమ్మె కొరికి నేల మీద ఉమ్మేశాడు. నలుగురు పట్టుకుని విడదీసేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయి, ఏది ఎవరి నెత్తురో తెలియకుండా పోయింది.

వార్డరు వచ్చి, "ఏమైంది?" అన్నాడు.

"బాత్రూంలో జారిపడ్డానండి," అన్నాడు డ్రైవరు చెవి మూసుకుని.

"చెవి మీద పడ్డావా?"

"చెవి మీదే పడ్డానండి."

వార్డరు అలాగే రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ జైలు బాత్రూంలో జారిపడినంతమంది ఎక్కడా జారిపడి ఉండరు. చేతులు విరిగేవి, పళ్ళు రాలేవి, ఒకసారి ఒకడి కడుపులో చెంచా దిగింది, అన్నీ బాత్రూం ఖాతాలోకే పోయేవి. కారణం ఉంది. కొట్లాట అని జైలు పుస్తకంలో రాస్తే కొట్టినవాడికీ, తిన్నవాడికీ ఇద్దరికీ శిక్షలో తగ్గించిన రోజులన్నీ రద్దవుతాయి. ఎవరు మొదలుపెట్టారు, ఎవరిది తప్పు అని విచారించే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. అందుకని తన్నులు తిన్నవాడే ముందుగా బాత్రూం పేరు చెప్పేవాడు. న్యాయం సంగతి దేవుడెరుగు, పని మాత్రం సాఫీగా జరిగిపోయేది.

ఈ లెక్క అందరికంటే బాగా తెలిసినవాడు గుమాస్తా. బయట ఒక ఆఫీసులో పనిచేస్తూ చచ్చినవాళ్ళ సంతకాలు బతికున్నవాళ్ళ కాగితాల మీద పెట్టి లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, కొట్టడం చేతకాదు, పరుగెత్తే చోటు లేదు. మంచి నడవడికి తగ్గించిన ఆరు నెలలు తీసేస్తే, వచ్చే శుక్రవారం పొద్దున విడుదల. ఆ ఆరు నెలలు పోతే ఏమవుతుందో అతనొక్కడికే తెలుసు. అతని భార్య కడుపులో గడ్డ ఉంది. డాక్టరు వెంటనే తీసేయాలన్నాడు. ఆవిడ ములాఖత్‌కు వచ్చినప్పుడు ఇనప జాలీ అవతల నిలబడి, "నువ్వొచ్చాకే చేయించుకుంటా. ఇద్దరు పిల్లల్ని ఎవరి మీద వదిలి ఆస్పత్రిలో పడుకోను?" అంది. విడుదలైన మూడో రోజుకు ఆపరేషన్ తేదీ కూడా తీసుకుంది. ఈ మాట అతను బ్యారక్‌లో ఎవరికీ చెప్పలేదు. మనిషికి ఎక్కడ నొప్పో తెలిస్తే అక్కడే నొక్కేవాళ్ళున్న చోట నోరు మూసుకోవడమే మేలు.

ఇక టీచరమ్మ. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చేది. చిన్నపిల్లల బడిలో పాతికేళ్ళు చదువు చెప్పి, ఇక్కడా అదే సరంజామాతో దిగింది. బొమ్మల అట్టలు, అక్షరాల చెక్కలు, కథల పుస్తకాలు, అన్నీ ఒక పెద్ద రేకు పెట్టెలో. ఆ పెట్టె బ్యారక్‌లోనే ఒక మూల ఉండేది. వీటన్నిటికీ తోడు ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం. పిల్లలకు చదువు మీద ప్రేమ పుట్టించడానికి నలభై ఉపాయాలు అంటూ టీచర్ల కోసం ఎవరో మహానుభావుడు రాసింది. హంతకులకు పనికిరాదని అందులో ఎక్కడా లేదు కాబట్టి ఆవిడ ఉపాయం తర్వాత ఉపాయం వాడుకుంటూ పోయింది. నక్షత్రాలు ఆరో ఉపాయం.

ఆవిడకు సొంతంగా పెట్టుకున్న నియమం ఒకటుంది. "ఎవరు ఏం చేసి వచ్చారో నాకు చెప్పకండి, నేనూ అడగను. నా దగ్గర చదవడం వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, రెండే జాతులు," అని మొదటిరోజే చెప్పింది. గొప్ప మాటే. కానీ కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాల్సినవి ఉంటాయి.

బ్యారక్‌కు పెద్దదిక్కు గునపం. ఇంటి మధ్య గోడ ఎక్కడ లేపాలన్న తగాదాలో సొంత అన్న తల గునపంతో పగలగొట్టి పదకొండేళ్ళ కిందట వచ్చాడు. ఆ పేరు వెనకాల అనుకునేదే, ఎదురుపడితే అందరూ "అన్నా" అనేవాళ్ళు. అన్నను చంపినవాణ్ణి ఇరవైమూడు మంది అన్నా అని పిలవడం విడ్డూరమే, అయినా నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. మొదటిరోజు అతను వచ్చి ముందు వరుసలో కూర్చుంటే టీచరమ్మ, "నీ వెనక వాళ్ళకి నీ వీపే కనబడుతోంది కానీ బోర్డు కనబడట్లేదు. చివరికెళ్ళు బాబూ," అంది. బ్యారక్ మొత్తం ఊపిరి బిగబట్టింది. అతను లేచి చివరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజునుంచి ఒక్క తరగతి మానలేదు. ఒకసారి అతను కూడబలుక్కుని చదువుతుంటే ఎవడో కిసుక్కుమన్నాడు. టీచరమ్మ వెళ్ళాక వాడి మొహం మీద పలక అంచుతో కొడితే రెండు పళ్ళు రాలాయి. బాత్రూమే.

ఆ మంగళవారం ఆవిడ తీసిన పుస్తకం పడవ కథ. ఏరు దాటించే తండ్రి ఇద్దరు కొడుకులకు ఒకే పడవ మిగిల్చి పోతాడు. పడవ నాదంటే నాదని అన్నదమ్ములు కొట్టుకుంటారు. తమ్ముడు తెడ్డు ఎత్తి అన్న తల మీద కొడతాడు. ఆ తల నీళ్ళలో రెండుసార్లు పైకి లేస్తుంది, తమ్ముడు రెండుసార్లూ మళ్ళీ కొడతాడు. టీచరమ్మ బాగా చదివేది, తెడ్డు దెబ్బ గొంతులో వినిపించేది. ఇరవై మూడు మంది కళ్ళూ చివరి వరుసలోని గునపం వైపు తిరిగాయి. అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆవిడకు ఇదేమీ తెలియదు. తమ్ముడు పారిపోయాడు, ఇరవై ఏళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగాడు, చివరికి ఒకరోజు తల్లి ఇంటి ముందుకు వచ్చి తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు. అక్కడ టీచరమ్మ పుస్తకం మూసేసింది.

తొమ్మిదో ఉపాయం అదే. మంచి పట్టు మీద ఆపేసి, పుస్తకాన్ని పిల్లల చేతికి అందేలా వదిలి వెళ్ళిపోవాలి, మిగతా పని ఆత్రమే చేస్తుంది. ఆవిడ పుస్తకం గుమాస్తా చేతిలో పెట్టి, "నువ్వు చదివి చెప్పకు. ఎవరికి వాళ్ళే చదువుకోవాలి," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం అయిదింటికి బ్యారక్‌కు తాళం పడింది. తాళం చప్పుడు ఆగకముందే గునపం చెయ్యి గుమాస్తా మెడ మీద పడింది.

"చదువు."

"ఎవరికి వాళ్ళే చదువుకోవాలంది కదన్నా."

"నాకు ఒక్కో పేజీకి రెండు రోజులు పడుతుంది. అందాకా వాడు తలుపు ముందు చెయ్యెత్తుకుని నిలబడే ఉండాలా?" ఆ చెయ్యి బిగిసింది. గుమాస్తా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అందరూ చుట్టూ మూగారు. గుమాస్తా పుస్తకం తెరిచాడు. ఆఫీసులో కాగితాలు చూసిన కన్ను కదా, నోరు ఒక వాక్యం దగ్గరుంటే చూపు పేజీ కిందికి పరుగెత్తింది. తల్లి తలుపు తీస్తుంది. కొడుకుని పైనుంచి కిందిదాకా చూస్తుంది. "నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఏట్లో పోయాడు. చిన్నవాడూ ఆ రోజే పోయాడు. నువ్వెవరో నాకు తెలియదు," అంటుంది. దాహానికి వచ్చిన బాటసారికి ఇచ్చినట్టు చెంబుతో నీళ్ళిచ్చి తలుపు వేసేస్తుంది. కథ అంతే.

గుమాస్తాకు మెడ మీది చెయ్యి గుర్తుంది, వచ్చే శుక్రవారం గుర్తుంది. ఈ మాటలు ఈ మనిషికి చదివి వినిపించి ప్రాణాలతో ఇంటికెళ్ళడం కల్ల. అన్ని దొంగ సంతకాలు పెట్టినవాడు, ఒక తల్లి మాట మార్చలేడా? గొంతు సవరించుకుని పేజీ వైపే చూస్తూ, తల్లి తలుపు తీసి కొడుకుని కావలించుకున్నట్టు చెప్పాడు. "ఇన్నేళ్ళూ ఎక్కడున్నావురా చిన్నోడా? పోయినవాణ్ణి ఎలాగూ తెచ్చుకోలేను, ఉన్నవాణ్ణి కూడా పోగొట్టుకోవాలా?" అందని, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టిందని, ఎక్కడా తడబడకుండా చదివాడు. పేజీ కూడా సరైన చోటే తిప్పాడు. అంత బాగా అతను ఏ సంతకమూ పెట్టలేదు.

గునపం ఏడ్చాడు. పెద్ద మనిషి ఏడుపు చూడటానికి బాగుండదు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కనున్న జేబుదొంగ తల తిప్పుకోవడం మరిచిపోయి చూస్తూండిపోయాడు. అందుకు వాడి ముక్కు పగిలింది.

ఆ శుక్రవారం టీచరమ్మ వచ్చింది. గుమాస్తా విడుదలకు ఇంకా వారం ఉంది. కథ ఏమైందని అడగలేదు. చదివిన పుస్తకం మీద ప్రశ్నలేస్తే పిల్లలకు పరీక్ష వాసన తగులుతుందని పదకొండో ఉపాయంలో ఉంది. గునపం ఒక కాగితం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. మూడు రోజులు కూర్చుని పెన్సిలు విరిగేలా నొక్కి రాసిన నాలుగు ముక్కలు. "అమ్మా. నేను చిన్నోణ్ణి. నాకు రాయడం వచ్చింది. ఒకసారి వచ్చి నన్ను చూడు." పదకొండేళ్ళలో తల్లి ఒక్కసారీ రాలేదు, అతను ఒక్కసారీ రమ్మనలేదు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుని అతని చొక్కాకు నక్షత్రం అంటించింది. ఉత్తరం వెళ్తూ వెళ్తూ డబ్బాలో వేస్తానంది.

గుమాస్తా ఆ కాగితం సంచీలోకి పోవడం చూశాడు. ఆ ఉత్తరానికి జవాబు వచ్చేసరికి తను ఇంట్లో ఉంటాడు కదా అని సర్దిచెప్పుకున్నాడు. పుస్తకం మొదటినుంచి చదువుకుంటూ వచ్చినా గునపానికి చివరి పేజీ చేరడానికి మూడు నెలలు పడుతుంది. ఏ లెక్కన చూసినా ఢోకా లేదు.

ఆదివారం మధ్యాహ్నం గునపం ఆ పుస్తకం తీసుకుని గోడకానుకుని కూర్చున్నాడు. తిన్నగా చివరి పేజీ తెరిచాడు.

"మొదటినుంచి చదవాలన్నా," అన్నాడు గుమాస్తా.

"మొదలు నాకెందుకు? కొట్టడం నాకు తెలుసు. తలుపు తీయడం కావాలి. అమ్మ అన్న మాట నా కళ్ళతో చదువుకోవాలి."

వేలు పెట్టి ఒక్కో అక్షరం తోసుకుంటూ వెళ్ళాడు. గుమాస్తా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు. సోమవారం పొద్దున స్నానాల వేళకు పుస్తకం ఎలాగైనా మాయం చేద్దామనుకున్నాడు, గునపం దాన్ని నడుముకు దోపుకుని స్నానానికి వెళ్ళాడు. మధ్యాహ్నం లోపలికి తాళం పడ్డాక వేలు మళ్ళీ కదిలింది. కాసేపటికి ఒకచోట ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ అక్కడికే వెళ్ళింది.

"ఇక్కడ 'నువ్వెవరో' అనుంది," అన్నాడు గునపం. గొంతు మామూలుగానే ఉంది. "దగ్గరికి రా."

గుమాస్తా దగ్గరికి వెళ్ళాడు, వెళ్ళక ఎక్కడికి పోతాడు. మొదటి దెబ్బ కడుపులో పడింది. రెండోది పక్కటెముకల మీద పడితే లోపల ఏదో పుటుక్కుమంది. కింద పడ్డాక కాళ్ళతో తన్నాడు. ఎవరూ అడ్డం రాలేదు, డ్రైవరు మాత్రం మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"మొహం మీద వద్దన్నా. శుక్రవారం ఇంటికెళ్ళాలి," అన్నాడు గుమాస్తా నెత్తురు ఉమ్ముతూ.

"ఎందుకు మార్చావు?"

"నీ మనసు కష్టపడుతుందని..."

"నా మనసు కోసమా, నీ మెడ కోసమా?"

"మెడ కోసమే," అన్నాడు గుమాస్తా.

"అమ్మకి ఉత్తరం రాశాను. నువ్వు చదివింది నమ్మి రాశాను. ఏ చేత్తో తిప్పావురా ఆ పేజీ?"

కుడిచెయ్యి దొరకబుచ్చుకుని మూలకు ఈడ్చుకెళ్ళాడు. టీచరమ్మ రేకు పెట్టె మూత ఎత్తి, ఆ చెయ్యి అంచు మీద పెట్టి, మూత మీద తన బరువంతా వేశాడు. గుమాస్తా అరుపుకు అవతలి బ్యారక్‌లో మాటలు ఆగిపోయాయి. మూత మళ్ళీ ఎత్తి మళ్ళీ వేశాడు. పెట్టెలోని అక్షరాల చెక్కలు గలగలమన్నాయి. మూడోసారి ఎత్తేసరికి నాలుగు వేళ్ళు వాటి వాటి దిక్కులకు తిరిగి ఉన్నాయి.

అప్పుడు అతన్ని లేపి గోడకు కూర్చోబెట్టి పుస్తకం ఒళ్ళో పెట్టాడు. "ఇప్పుడు చదువు. ఉన్నది ఉన్నట్టు."

గుమాస్తా చదివాడు. పగిలిన పెదాలతో, ఎడమచేత్తో పేజీ పట్టుకుని, తల్లి అన్న మాట అన్నట్టే చదివాడు. నీళ్ళిచ్చిందనీ, తలుపు వేసిందనీ చదివాడు. గునపం ఈసారి ఏడవలేదు. పుస్తకం వెనక్కి తీసుకుని, "ఉత్తరం చేరి ఉంటుందా?" అని అడిగాడు.

"చేరే ఉంటుంది," అన్నాడు గుమాస్తా.

సాయంత్రం మనుషుల్ని లెక్కపెట్టడానికి వార్డరు వచ్చాడు. గుమాస్తాను చూసి నిట్టూర్చి తన జైలు పుస్తకం తెరిచాడు.

"బాత్రూంలో జారిపడ్డానండి," అన్నాడు గుమాస్తా. ఇంత నొప్పిలోనూ ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది. ఇంకా నాలుగు రోజులు, అంతే.

"కాదు. నేను కొట్టాను. రాయండి," అన్నాడు గునపం.

వార్డరు తలెత్తాడు. "నీకేమైనా పిచ్చా? కొట్లాటని రాస్తే నువ్వు చీకటి గదిలోకి పోతావు. వీడికి ఆర్నెల్లు పోతాయి. శుక్రవారం వెళ్ళాల్సినవాడు."

"పదకొండేళ్ళుగా మీ పుస్తకంలో అందరూ జారిపడ్డారనే రాస్తున్నారు. ఇవాళ ఒక్కటి నిజం రాయండి. రాసింది నేను చదివి చూసుకుంటా."

గుమాస్తా మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి అతని కాళ్ళు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా అందరిముందూ కక్కేశాడు. భార్య కడుపులో గడ్డ, ఆపరేషన్ తేదీ, ఇద్దరు పిల్లలు, అన్నీ. "నాకోసమే ఆపుకుని కూర్చుందన్నా. నీకు దణ్ణం పెడతా. జారిపడ్డాననే రాయనీ."

గునపం వంగి అతని మొహంలోకి చూశాడు. "ఇది కూడా నాకోసం కట్టిన కథేనా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. గుమాస్తా ఎన్ని ఒట్లు పెట్టినా ఆ మొహంలో నమ్మకం రాలేదు.

వార్డరు రాయక తప్పలేదు. అంతమంది ముందు ఒప్పుకున్నాక రాయకపోతే అతని ఉద్యోగానికే ముప్పు. గునపం ఆ రాతను వేలుపెట్టి మొత్తం చదివి, కింద తన పేరు రాశాడు. గుమాస్తా కుడిచెయ్యి లేవలేదు, ఎడమచేతి బొటనవేలు ముద్ర వేయించుకున్నారు.

ఇద్దర్నీ ఆఫీసుకు నడిపించి ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. కాంపౌండరు వేళ్ళకు చెక్కలు పెట్టి కట్టు కట్టాడు. చీకటి గది తాళం కోసం ఒకడు, జైలరు సంతకం కోసం ఒకడు వెళ్ళారు. తలుపు దగ్గర నిలబడ్డ వార్డరును గుమాస్తా ఒక ఉత్తరం రాసిపెట్టమని బతిమాలాడు.

"మేం ఖైదీల తరఫున ఉత్తరాలు రాయకూడదు. ఎవడైనా ఖైదీయే రాయాలి," అన్నాడు వార్డరు. జాలిపడి ఒక కాగితం, పెన్సిలు మాత్రం తెచ్చి బల్ల మీద వాళ్ళ మధ్య పెట్టాడు.

అక్కడున్న ఖైదీలు ఇద్దరే, వాళ్ళలో ఒకడి చెయ్యి కట్టులో ఉంది. గునపం కాగితం తన వైపు లాక్కున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. రాస్తా."

గుమాస్తా ఆ మనిషి మొహం చూడకుండా గోడవైపు తిరిగాడు. కానీ శుక్రవారం పొద్దున భార్య పిల్లల్ని తీసుకుని గేటు దగ్గరికి వచ్చేస్తుంది. ఈలోగా కబురు అందాలి. కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"శుక్రవారం రాకు. నన్ను వదలడం లేదు. ఇంకో ఆర్నెల్లు పడుతుంది."

పెన్సిలు నెమ్మదిగా కదిలింది. ఒక్కో మాటకూ గునపం పెదాలు కూడా కదులుతున్నాయి.

"నాకోసం ఆగొద్దు. పిల్లల్ని మా అక్క దగ్గర వదులు. ఆమె తిట్టినా పడు. ఆపరేషన్ మాత్రం ఆ రోజే చేయించుకో. డాక్టరు గడ్డ పెరుగుతోందన్నాడని నువ్వే చెప్పావు. ఆర్నెల్లు ఆగితే నువ్వు నాకు దక్కవు."

పెన్సిలు ఆగింది. గునపం రాసింది మొదటినుంచి మళ్ళీ చదువుకున్నాడు. తల్లి మాట చదివినట్టే వేలుపెట్టి, ఒక్కో అక్షరం తోసుకుంటూ చదివాడు. చివరికొచ్చాక ఆ వేలు వెనక్కి, గడ్డ అన్న మాట దగ్గరికి వెళ్ళింది.

"ఇది నిజమేనా?" అన్నాడు.

"నిజమేనన్నా."

"మరి ముందే చెప్పలేదేం?"

"చెప్పాను. కాళ్ళు పట్టుకుని చెప్పాను. నువ్వు నమ్మలేదు."

గునపం వార్డరు దగ్గరున్న పుస్తకం వైపు చూశాడు. అందులో తను చదివి మరీ పెట్టిన సంతకం ఉంది. దాన్ని ఇక ఎవరూ చెరపలేరు. తాళంచెవుల చప్పుడు వరండాలో దగ్గరవుతోంది.

"ఇంకా ఏం రాయను?" అన్నాడు పెన్సిలు మళ్ళీ పట్టుకుని.

"నీకు తోచింది రాయి," అన్నాడు గుమాస్తా. "నన్ను వదలడం లేదంటే మా ఆవిడ నమ్మదు, నా రాత కాదని చూడగానే తెలిసిపోతుంది. రాసిందెవరో కూడా రాయి."

గునపం కాగితం మీదికి వంగాడు. తాళం తెచ్చినవాడు వచ్చి భుజం మీద చెయ్యివేసినా లేవలేదు. ఇంత పెద్ద అక్షరాలతో, చెమట కాగితం మీద పడుతుంటే, వదినా అని మొదలుపెట్టి, నీ మొగుడి చెయ్యి విరగ్గొట్టింది నేనే అని రాసేదాకా లేవలేదు.